నలభై ఒకటో సౌకర్యం

చదివేవారికి నమస్కారం. తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కిందికి పోతాయి, దీర్ఘాలు పిలవకపోయినా వచ్చి నిలబడతాయి. చెయ్యి కూడా నిదానం. ఈ కాస్త రాయడానికి నాలుగు నెలలు పట్టింది. మా ఊళ్లో ఒక బండి ఎలా పనిచేసిందో చెప్పాలని రాస్తున్నాను. బండి చాలా మంచిది. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు.

గుండ్లమెట్ట పురపాలక సంఘంలో యల్లమంద ఇరవై రెండేళ్లుగా నీళ్ల ట్యాంకరు తోలుతున్నాడు. ట్యాంకరంటే ట్రాక్టరు వెనక తగిలించిన ఇనప తొట్టి. ఊరికి పడమట మెట్ట మీద సున్నపుబట్టీల కాలనీ ఉంది. బట్టీలు ఆరిపోయి చాలా కాలమైంది, పేరు మాత్రం మిగిలింది. అక్కడ రెండు వందల గడపలు. బోర్లన్నీ ఎండిపోయాయి. రోజు విడిచి రోజు యల్లమంద తెచ్చే తొట్టెడు నీళ్లే అందరికీ ఆధారం.

యల్లమంద ఇల్లూ ఆ కాలనీలోనే. సాయంత్రం అతను వచ్చేసరికి భార్య నాగేంద్రం గుమ్మం పక్కన కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు పెట్టేది. రోజంతా నీళ్లు మోసిన మనిషికి ఒక చెంబుకు మించి ఏనాడూ పెట్టలేదు. అతనూ అడగలేదు.

ట్యాంకరు ముసలిదైపోయింది, ఇంకొకటి ఇప్పించండని ఆఫీసువాళ్లు మూడేళ్లు అర్జీలు పంపారు. నాలుగో ఏడు మార్చి నెలాఖరున జవాబు వచ్చింది. ట్యాంకర్ల పద్దులో నిధులు లేవట. పర్యవేక్షణ వాహనాల పద్దులో మాత్రం ఉన్నాయట. నెలాఖరులోగా వాడకపోతే అవి వెనక్కి పోతాయట. అందువల్ల నీళ్లు తెచ్చే బండికి బదులు, నీళ్లు ఎలా వస్తున్నాయో చూసి వచ్చే బండి మంజూరైంది.

బండి ఏప్రిల్ మొదటి వారంలో దిగింది. నల్లగా, నిగనిగలాడుతూ, ఊరేగింపు ఏనుగంత ఉంది. ఆఫీసు గేటులో పట్టలేదు. కుడివైపు స్తంభం కొట్టేశారు. అప్పటికీ పట్టకపోతే ఎడమవైపుదీ కొట్టేశారు. తలుపు తీయగానే కింద నుంచి ఒక మెట్టు దానంతట అదే బయటికి వచ్చింది. అటెండరు రెండడుగులు వెనక్కి వేసి దణ్ణం పెట్టాడు. కంపెనీ మనిషి మూడు గంటల సేపు ఇంగ్లీషులో అన్నీ వివరించి, ఇటుకంత పుస్తకం ఒకటి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

కమిషనర్ చిదంబరేశ్వరరావు గారు యల్లమందను గదిలోకి పిలిపించారు. ఆయన మామూలుగా మాట్లాడినా మెమో చదివినట్టే ఉంటుంది.

"నిన్ను పర్యవేక్షణ వాహన చోదకునిగా నియమించడమైనది."

"మరి ట్యాంకరు సార్?"

"ట్యాంకరు యథాస్థానమున ఉండును."

"ఉంటది సార్. తోలేదెవరని అడుగుతుండా."

పక్కన నిలబడ్డ మేనేజర్ హయగ్రీవం గారు కళ్లజోడు సర్దుకున్నారు. ఆఫీసులో ఏ కాగితం ఎందుకు చెల్లదో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. "మన కార్యాలయానికి మంజూరైంది ఒక్కటే డ్రైవరు పోస్టు. ఆ పోస్టులో నువ్వున్నావు. నువ్వు ఇటు వస్తే అటు పోస్టు ఉండదు."

"మరి నీళ్లో?"

"ఆ నీళ్ల సంగతి పర్యవేక్షించడానికే కదయ్యా బండి వచ్చింది!"

ఆ సాయంత్రం యల్లమంద ఇంటికి వచ్చేసరికి గుమ్మం పక్కన చెంబు ఉంది. అందులో నీళ్లు లేవు.

"ఏందే ఇది, ఖాళీ చెంబు పెట్టావ్?"

"పర్యవేక్షించుకో" అని నాగేంద్రం లోపలికి పోయింది.

మరునాటి నుంచి కాలనీ ఆడవాళ్లు మైలున్నర దూరాన ఉన్న పంపుహౌసుకు బిందెలతో నడవడం మొదలుపెట్టారు. దారిలో యల్లమంద బండి ఎదురైతే పక్కకు తప్పుకుని నిలబడేవాళ్లు. అద్దాలు నల్లవి కాబట్టి లోపలివాళ్ల మొహాలు కనపడేవి కావు. అతనికి మాత్రం అందరి మొహాలూ కనపడేవి.

మూడో వీధిలో ఒంటరిగా ఉండే రత్తమ్మ ఒకరోజు అతన్ని ఆపింది. మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆమె పంపుహౌసు దాకా పోలేదు. పక్కింటి వాళ్లు పోసే చెంబెడు నీళ్లతోనే రోజు గడపాలి.

"అబ్బాయ్, నీ బండిలో నీళ్లుంటయ్యంట గదా?"

"సీసాలు పెట్టుకునే గూళ్లుండయ్ పెద్దమ్మా. పన్నెండు."

"సీసాలో?"

"సీసాలు మనమే తెచ్చుకోవాల."

"ఓహో" అంది రత్తమ్మ. "గొప్ప బండే."

రెండో వారంలో పైనుంచి ఒక ఫారం వచ్చింది. హయగ్రీవం గారు దాన్ని నిలబడి చదివి వినిపించారు.

"పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, మంజూరైన వాహనమందు గల నలభై ఒక్క సౌకర్యములను ప్రజాప్రయోజనార్థము కనీసము ఒక్కొక్క పర్యాయము వినియోగించి, ప్రతి సౌకర్యమునకు ఎదురుగా వినియోగించిన తేదీ, నెరవేరిన ప్రయోజనము, లబ్ధిదారుని సంతకము నమోదు చేసి, జూన్ ముప్పదవ తేదీలోగా సమర్పించవలెను. వినియోగించబడని సౌకర్యము యొక్క విలువ సంబంధిత అధికారి జీతము నుండి రాబట్టబడును."

కమిషనర్ గారు "సంబంధిత అధికారి ఎవరు?" అని అడిగారు. హయగ్రీవం గారు ఆయన వైపు చూశారు.

ఆ రోజు నుంచి ఆఫీసులో ఇంకే పనీ జరగలేదు. జనన మరణ ధ్రువపత్రాల కిటికీ మూసేశారు. పన్నుల గుమాస్తాకు మొదటి ఇరవై సౌకర్యాలు, శానిటరీ ఇన్‌స్పెక్టరుకు తక్కినవి అప్పగించారు.

సీటుకు వీపు రుద్దే ఏర్పాటు ఉంది. పింఛన్ల రోజున ముసలివాళ్లను వరసలో నిలబెట్టి ఒక్కొక్కరినీ పది నిమిషాలు ఆ సీటులో కూర్చోబెట్టారు. కోటయ్య తాత దిగి, మొహమంతా నవ్వుతో, "ఈపు బ్రహ్మాండంగా రుద్దింది నాయనా, ఇక పింఛను ఇప్పించండి" అన్నాడు. పింఛను పంచే గుమాస్తా సీటు మీటలు నొక్కే పనిలో ఉన్నందువల్ల అది సోమవారానికి వాయిదా పడింది. ఫారంలో 'వృద్ధుల సంక్షేమము' అని రాశారు. కోటయ్య తాత సంతకం చేశాడు.

బండి కప్పు మధ్యలో తెరుచుకుంటుంది. అందులోంచి లైన్‌మన్‌ను పైకి నిలబెట్టి వీధిదీపాలు చూపించారు. దీపానికీ అతని చేతికీ జానెడు దూరం మిగిలింది. 'వీధిదీపములు సమీపమునుండి తనిఖీ చేయబడినవి' అని రాశారు. చల్లటి పెట్టెలో కమిషనర్ గారి మజ్జిగ పెట్టారు. దానికి ప్రజాప్రయోజనం ఏం రాయాలా అని రెండు రోజులు ఆలోచించి, 'అధికారి శాంతముగా ఉన్నచో నిర్ణయములు శాంతముగా ఉండును' అని రాశారు.

సీట్ల వెనక టీవీలు ఉన్నాయి. వాటిలో కాలనీ బడిపిల్లలకు 'నీటిని పొదుపు చేద్దాం' అనే సినిమా చూపించారు. అయిపోయాక, ఏం నేర్చుకున్నారని హయగ్రీవం గారు అడిగారు. రెండు జడల పిల్ల ఒకతి లేచి, "ముందు నీళ్లు పంపిస్తే తర్వాత పొదుపు చేస్తాం సార్" అంది. తెలివైన పిల్ల అని మెచ్చుకుని ఆ పిల్ల చేతే సంతకం చేయించారు.

వేగం సంగతి కాస్త కష్టమైంది. ఆగి ఉన్న బండి ఆరు సెకన్లలో గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవాలి. ఊళ్లో తిన్నని రోడ్డు కూరగాయల బజారు ఒక్కటే. ఆరు సెకన్ల కోసం బజారును రెండు రోజులు లేపేశారు. ఆ వేగం వల్ల ప్రజలకు ఏదో ఒకటి అందాలి కాబట్టి, నాలుగేళ్లుగా పెండింగులో ఉన్న ఇళ్ల పట్టాల ఫైలును బండిలో పెట్టి రెవెన్యూ ఆఫీసుకు పంపారు. బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఫైలు నిజంగానే ఆరు సెకన్లలో చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఏప్రిల్ చివరికి ముప్పై తొమ్మిది సౌకర్యాలు పూర్తయ్యాయి. నలభయ్యోది చదివి హయగ్రీవం గారు కుర్చీలో కూర్చుండిపోయారు.

"తొంభై సెంటీమీటర్ల లోతు గల నీటియందు ప్రయాణించు సామర్థ్యము."

గుండ్లమెట్టలో తొంభై సెంటీమీటర్ల నీళ్లు చూసినవాళ్లెవరూ ఆఫీసులో లేరు. చివరికి మెట్ట కింద పాత సున్నపురాయి గొయ్యి ఉందని, దాన్ని నింపితే సరిపోతుందని శానిటరీ ఇన్‌స్పెక్టరు కనిపెట్టాడు. నింపడానికి ట్యాంకరు కావాలి. ట్యాంకరుకు డ్రైవరు పోస్టు లేదు. అప్పుడు హయగ్రీవం గారు పుస్తకాలు తిరగేసి, ఇది నీటి సరఫరా కాదు, పర్యవేక్షణలో భాగం కాబట్టి పర్యవేక్షణ వాహన చోదకుడు తాత్కాలికంగా ట్యాంకరు తోలవచ్చునని దారి చూపించారు.

యల్లమంద నెల రోజుల తర్వాత తన ట్రాక్టరు ఎక్కాడు. పంపుహౌసులో తొట్టి నింపుకుని మెట్ట దారి పట్టాడు. ట్రాక్టరు చప్పుడు విని కాలనీ అంతా బిందెలతో దిగి వచ్చింది. నాగేంద్రం అందరికంటే ముందుంది.

గొయ్యి దగ్గర హయగ్రీవం గారు చేతులు అడ్డం పెట్టారు. "ఎవ్వరూ ముట్టుకోకూడదు. ఇవి తాగునీళ్లు కావు. పర్యవేక్షణ నీళ్లు."

"యాడ పట్టారు బాబూ ఇయ్యి?" అని అడిగింది నాగేంద్రం.

"పంపుహౌసులో."

"మరి పొద్దున మేం పట్టుకొచ్చిందీ ఆడేగా. అయ్యి తాగి బతికే ఉండాం."

యల్లమంద తల దించుకుని తూము విప్పాడు. ఆ నీళ్లు గోతిలోకి పడుతుంటే కాలనీ వాళ్లెవరూ అతన్ని ఏమీ అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

సున్నపు నేల ఎంత పోసినా పీల్చేస్తోంది. మొదటి రోజు ఎనిమిది ట్యాంకర్లకు మోకాలి లోతు వచ్చింది, తెల్లారేసరికి చీలమండ లోతైంది. రెండో రోజు పదకొండు ట్యాంకర్లు పోశారు. పంతొమ్మిదో ట్యాంకరుకు కర్ర మీద తొంభై గీత తడిసింది. ఆ ట్యాంకరు ఖాళీ అవుతుండగానే ట్రాక్టరు ఇంజను పెద్దగా దగ్గి ఆగిపోయింది. ఇక లేవలేదు.

కమిషనర్ గారు వెనక సీటులో కూర్చున్నారు. యల్లమంద బండిని గోతిలోకి దించి, పాలలాంటి సున్నపు నీళ్లను చీల్చుకుంటూ అవతలి గట్టు ఎక్కించాడు. ఆఫీసు సిబ్బంది చప్పట్లు కొట్టారు. కమిషనర్ గారు అద్దం దించి, ఫోటో కోసం నవ్వి, అందరికీ వినపడేలా అన్నారు: "చుక్క నీరు కూడా లోపలికి రాలేదు!"

"మాకూ అంతే బాబూ" అంది గట్టు మీది నుంచి రత్తమ్మ. "నెలరోజులైంది, ఇంట్లోకి చుక్క రాలా."

కమిషనర్ గారు ఆ మాటను లబ్ధిదారు సమ్మతిగా తీసుకుని అద్దం ఎత్తేశారు.

ఆ సాయంత్రం చెంబు గుమ్మం దగ్గర కూడా లేదు. నాగేంద్రం దాన్ని లోపల అటక మీద బోర్లించింది. "ఎనిమిదీ పదకొండూ ఎంతయ్యా?" అని మాత్రం అడిగింది. యల్లమంద అన్నం తినకుండానే వెళ్లి అరుగు మీద పడుకున్నాడు. అతనికి ఉన్నది ఒక్కటే ఉద్యోగం, ఒక్కటే విద్య. ఆ విద్యతోనే తన వీధివాళ్ల నీళ్లు మట్టిలో పోశాడు.

ట్రాక్టరు బాగుచేయించడానికి పద్దు లేదు. మిగిలింది నలభై ఒకటో సౌకర్యం: మూడున్నర టన్నుల బరువు లాగు సామర్థ్యము. ఏం లాగాలన్న దాని మీద సమావేశం పెట్టారు. రోడ్డు రోలరు ఎనిమిది టన్నులు. దేవుడి రథం లాగుదామంటే దేవాదాయ శాఖ ఒప్పుకోదు. చెత్త బండి లాగితే బండికి గౌరవం కాదు. తలుపు దగ్గర నిలబడ్డ యల్లమంద గొంతు సవరించుకున్నాడు. ఇరవై రెండేళ్లలో అతను సమావేశంలో మాట్లాడటం అదే మొదటిసారి.

"ట్యాంకరు తొట్టి ఉంది సార్. ఖాళీ తొట్టి టన్ను. రెండున్నర వేల లీటర్లు పోస్తే సరిగ్గా మూడున్నర."

"ఖాళీ తొట్టి లాగరాదా?" అన్నారు కమిషనర్ గారు.

"లాగొచ్చు సార్. కాకపోతే అప్పుడు టన్నే లాగినట్టు. మిగతా రెండున్నర టన్నుల సామర్థ్యం నిరుపయోగమని ఆడిటోళ్లు రాస్తారేమో."

కమిషనర్ గారి చెయ్యి ఆయనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది.

"సరే. నీరు నింపి ఏ దిశగా లాగవలెను?"

"ఏటవాలు మీద లాగితేనే బలం తెలుస్తదని పుస్తకంలో బొమ్మేసుంది సార్. మన ఊళ్లో ఏటవాలు ఒకటే."

బస్టాండు దగ్గరి వెల్డరు బండి వెనక కొక్కేనికీ తొట్టి కమ్మీకీ సరిపోయే బంధం తయారుచేశాడు. ఇక లబ్ధిదారు సంతకం. నిరుడు గుండ్లమెట్టను సంపూర్ణ అక్షరాస్యత పట్టణంగా ప్రకటించారు కాబట్టి వేలిముద్రలు చెల్లవు. వేలిముద్ర తీసుకుంటే ఆ ప్రకటన అబద్ధమవుతుంది. సంతకం చేసేది వయోజన విద్యాకేంద్రంలో చదివిన వితంతువైతే ఆ పథకం ఫైలుకు కూడా ఒక నకలు జతచేసుకోవచ్చునని హయగ్రీవం గారికి తోచింది. వయోజన విద్య జాబితా తెప్పించి, మొదట ఉన్న పేరును ఆధార్ కార్డులో ఉన్నట్టే ఫారంలో టైపు చేయించారు: మాచవరపు వెంకట నాగ రత్తమ్మ. పూర్తి పేరుతో సంతకం కావాలి. టైపైన పేరు మార్చాలంటే మళ్లీ పైనుంచి ఉత్తర్వు రావాలి.

మే పదిహేనున బండి తొట్టిని లాక్కుంటూ మెట్ట ఎక్కింది. సగమే నిండిన తొట్టిలో నీళ్లు ముందుకీ వెనక్కీ ఊగి బండిని తోస్తుంటాయి. యల్లమందకు ఆ ఊపు అరచేతిలో తెలుసు. స్టీరింగును గుర్రపు కళ్లెంలా పట్టుకుని, గేరు గేరుకూ మాట్లాడుకుంటూ ఎక్కించాడు. లోపల నుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో హెచ్చరిస్తోంది. కమిషనర్ గారు ప్రతిసారీ "యస్, యస్" అంటున్నారు.

మూడో వీధి మొదట్లో కాలనీ అంతా రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. యల్లమంద బ్రేకు తొక్కకముందే బండి కీచుమని దానంతట అదే ఆగింది. ఎదురుగా మనుషులుంటే ఆగడం దాని ముప్పై మూడో సౌకర్యం.

"మమ్మల్ని చూసి ఆగిన మొదటి గవర్నమెంటు బండి ఇదేనమ్మోవ్!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

గడపకో బిందె చొప్పున పట్టుకున్నారు. బిందెలు తగిలినప్పుడల్లా బండి కుయ్యోమంటూనే ఉంది. హయగ్రీవం గారు ఫారాన్ని అట్ట మీద పెట్టి, గొడుగు పట్టించి, రత్తమ్మ ముందు నిలబడ్డారు.

"ఇక్కడమ్మా. పూర్తి పేరు. కొట్టివేతలు ఉండకూడదు, ఉంటే ఫారం చెల్లదు."

రత్తమ్మ కళ్లజోడు తుడుచుకుంది. ఫారాన్ని పైనుంచి కిందిదాకా వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. అరగంట పట్టింది. ఆ తర్వాత కలం తీసుకుని, నాలుక కొన పంటి కింద పెట్టుకుని, గుండ్రంగా ఒక 'మా' రాసింది. రాసి కలం మూత పెట్టింది.

"తర్వాతది రాయండమ్మా."

"చెయ్యి నొప్పి బాబూ. ఈ పూటకింతే."

"అదేంటమ్మా! ఇంకా పన్నెండు అక్షరాలున్నాయి!"

"తొందరపడితే కలం జారుద్ది. జారితే కొట్టేయాల. కొట్టేస్తే చెల్లదని నువ్వేగా చెప్పావ్?"

"పోనీ ఫారం మీ ఇంట్లో పెట్టుకుని సావకాశంగా..."

"కుదరదు బాబూ." రత్తమ్మ ఫారం అడుగున చుక్క గుర్తు పక్కనున్న చీమలంత అక్షరాల మీద వేలు పెట్టింది. "సంతకం వినియోగం జరుగుతున్న చోటే, జరుగుతున్నప్పుడే చెయ్యాలంట. ఇదిగో. ఇప్పుడే చదివా."

హయగ్రీవం గారు వంగి చదివారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన చదవని చుక్క గుర్తు అదొక్కటే. నిబంధన అలాగే ఉంది. ఆయన మొహంలో మొదట దుఃఖం, తర్వాత ఒకరకమైన గౌరవం కనిపించాయి.

"మళ్లీ ఎప్పుడు రాస్తారమ్మా?"

"మీ బండి మళ్లీ ఎప్పుడు లాగుద్దో అప్పుడు" అంది రత్తమ్మ.

మూడోనాడు బండి మళ్లీ తొట్టి లాక్కుంటూ వచ్చింది. 'చ'. ఆ తర్వాత 'వ'. రోజు విడిచి రోజు, పూర్వం ట్యాంకరు వచ్చినట్టే. ప్రతి శనివారం హయగ్రీవం గారు పైకి నివేదిక పంపేవారు: 'లబ్ధిదారు సంతకము పురోగతిలో ఉన్నది. ఇంటిపేరు పూర్తి అయినది.' పైనుంచి జవాబు వచ్చేది: 'పురోగతి శాతములో తెలుపగలరు.' ఆయన లెక్క వేసి తెలిపేవారు. మే నెలాఖరున జిల్లా సమీక్షా సమావేశంలో ఆ సంతకం మీద ప్రత్యేకంగా చర్చ జరిగింది. అరవై రెండు శాతం పూర్తయిందని విని, మిగతా మున్సిపాలిటీలు దీన్ని చూసి నేర్చుకోవాలని పెద్దలు అన్నారట.

మొదటి 'మా' రాసిన రోజు సాయంత్రం యల్లమంద ఇంటికి నడిచి వచ్చాడు. గుమ్మం పక్కన చెంబు ఉంది. వంగి చూశాడు. అంచు దాకా నీళ్లున్నాయి. అతను కాళ్లు కడుక్కోలేదు. చాలాసేపు దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏంది, పర్యవేక్షిస్తుండావా?" అంది నాగేంద్రం లోపలి నుంచి. ఆ గొంతులో నవ్వు ఉంది.

పన్నెండో అక్షరం జూన్ ఆరున పడింది. ఎనిమిదిన రావలసిన పదమూడోది రాలేదు. రత్తమ్మ కలం పట్టుకుని, కాసేపు ఫారం చూసి, మళ్లీ మూత పెట్టింది.

కమిషనర్ గారు ఆ వేళ స్వయంగా బండి దిగారు. మెట్టు దానంతట అదే వచ్చింది. ఆయన దాని మీద నిలబడి, మొదటిసారి మెమోలా కాకుండా మాట్లాడారు.

"ఏం కావాలమ్మా నీకు?"

"నాకేం కావాల బాబూ? ఇది కూడా పెట్టేస్తే మీ కాయితం నిండుద్ది. నిండితే బండిని షెడ్డులో పెడతారు. మా ఇంట్లో ఒకటే బిందుంది. అది నిండాల్నా, మీ కాయితం నిండాల్నా అని ఆలోచిస్తుండా."

"అయితే ఎప్పుడు పెడతావ్?"

"కాలనీలో కుళాయి తిప్పితే నీళ్లు వచ్చిన రోజు."

కుళాయి వేయడానికి పద్దు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ హయగ్రీవం గారు నాలుగు రోజులు ఇంటికి పోకుండా పుస్తకాలు చదివి, పర్యవేక్షణ వాహనాల నిర్వహణ పద్దు కింద 'వాహనము విధి నిర్వహించు ప్రదేశమున దానిని కడుగుటకు తగు జలవసతి' కల్పించవచ్చునని పట్టుకున్నారు. బండి విధి నిర్వహించేది మెట్ట మీద. కాబట్టి బండిని కడగడానికి మెట్ట మీదికి పైపులు వేయాలి. మూడేళ్లుగా మనుషులకు రాని మంజూరు బండికి తొమ్మిది రోజుల్లో వచ్చింది. ఫారం గడువు కూడా పొడిగించారు, సంతకం తొంభై రెండు శాతం పూర్తయినందువల్ల.

ఇప్పుడు మెట్ట కింద గోతులు తవ్వుతున్నారు. పైపులు మా వీధి మలుపు దాకా తెచ్చి పడేశారు. ఆ పైపులోని నీళ్లు బండి కడగడానికే తప్ప వేరే పనికి వాడరాదని ఒక బోర్డు కూడా ముందే పాతారు. వాడతాం. అందాకా బండి రోజు విడిచి రోజు తొట్టి లాక్కుని వస్తూనే ఉంది. ఎందుకంటే ఆ మిగిలిన అక్షరం ఏ రోజు పడుతుందో ఎవరికీ తెలియదు. యల్లమంద బండి ఆపి, తూము విప్పి, "పెద్దమ్మా, ఇయ్యాల రాస్తావా?" అని హయగ్రీవం గారికి వినపడేలా అడుగుతాడు. "చెయ్యి నొప్పిరా అబ్బాయ్" అని జవాబు.

ఈ కథ కింద పేరు రాసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త పడుతున్నాను. ఇక్కడ పూర్తిగా రాస్తే ఆఫీసు వాళ్లు కత్తిరించి ఫారానికి అంటించుకుంటారు. అందుకని ఒక అక్షరం ఆపుకున్నాను. కుళాయి తిప్పి, పట్టుకుని, తాగి చూసి, అప్పుడు పెడతాను.

ఇట్లు,
మాచవరపు వెంకట నాగ రత్త
వయసు అరవై ఎనిమిది
ఇప్పుడు ఉండేది: సున్నపుబట్టీల కాలనీ, మూడో వీధి, ట్యాంకరు ఆగే చోటికి ఎదురిల్లు, గుండ్లమెట్ట.